షాన్సీ సీమలో నల్లమందు శరణాలయములు

సంస్కృతమున వ్యసనమను మాటకు రెండర్థములు గలవు. ఆపద యని యొకటి, విడువరాని దురభ్యాస మని మఱియొకటి. పూర్వు లీ రెండింటికి నొక్కటే పేరు పెట్టుట యేమఱుపాటున జరిగినది కాదు. మనువు రాజధర్మములు చెప్పుచు, కామమువలనఁ బుట్టు వ్యసనములు పది, క్రోధమువలనఁ బుట్టునవి యెనిమిది యని లెక్కించి, ఆ పదింటిలో పానము, జూదము, స్త్రీలు, వేఁట యను నాలుగును మిక్కిలి కష్టతరములని చెప్పి, వానిలోఁ బానమును మొదటఁ బేర్కొనెను. వైద్యులు మదాత్యయమని దానికొక ప్రకరణమే వ్రాసి చికిత్స నిరూపించిరి. ధర్మశాస్త్రకారులు సురాపానమును మహాపాతకములలోఁ జేర్చి ప్రాయశ్చిత్తము విధించిరి. రాజునకు హెచ్చరికయు, రోగికి మందును, పాపికి శిక్షయు దొరకినవి. కాని కూలి చేసి బ్రతుకు పేదవాఁడు వ్యసనములోఁ బడినపుడు వాని ప్రక్కఁ గూర్చుండి రాత్రులు మేలుకొని యుండువాఁ డెవఁడను ప్రశ్నకు నేను జదివిన గ్రంథములలో సమాధానము కానరాలేదు.

ఈ ప్రశ్న నాకు గ్రంథములనుండి పుట్టినది కాదు. నాయొద్దఁ జదువుకొను నొక పిల్లవాని తండ్రి మట్టిపని చేయువాఁడు. సారాకు దాసుఁడై, రెండుమార్లు పట్టణములోని యొక చికిత్సాలయమునకుఁ బోయి, రెండుమార్లును తేఱుకొని వచ్చి, రెండుమార్లును నెల తిరుగకముందే మొదటి స్థితికి వచ్చెను. రెండవమా ఱతఁడు బడి యరుగుమీఁదఁ గూర్చుండి, "అయ్యవారూ, ఒంట్లోనుంచి పోయిందండీ, వీధిలోనుంచి పోలేదు" అని చెప్పిన మాట నన్నుఁ జాల దినములు వెన్నాడినది. వ్యసనమును వీధినుండి గూడఁ దొలఁగింప నెవరైనఁ బ్రయత్నించిరా యని వెదకుచుండఁగా, చీనాదేశపు టుత్తరభాగమున షాన్సీ యను రాష్ట్రములో సుమారు నూటనలువది యేండ్ల క్రిందట జరిగిన యొక చరిత్ర నాకంటఁ బడినది. దానినే యిచ్చటఁ జెప్పఁబూనితిని.

అభినికి మనవారు నల్లమందని పేరు పెట్టిరి. అది నిజముగా మందే. నొప్పి నడఁచును, విరేచనములు కట్టును, దగ్గు నాపును, నిద్ర దెచ్చును. వైద్యుఁడు లేని పల్లెలో నింత పనిచేయు పదార్థమును విషమని యెవఁడు త్రోసిపుచ్చును? మన గోదావరి మన్యపు ప్రాంతములలోఁ జలిజ్వరమునకు విఱుగుడని దానిని మ్రింగు నలవాటు చిరకాల ముండినది. చీనావారును దానిని మొదట మందుగానే యెఱుఁగుదురు. తరువాత దానిని దీపపు సెగపైఁ గరఁగించి గొట్టముతోఁ బొగ పీల్చుట నేర్చిరి. పొగ తిన్నగా నెత్తురులోఁ గలియును. కావునఁ బట్టు త్వరగాఁ జిక్కును. ఆఁకలిని మఱపించు గుణముగూడ దాని కుండుటచేత ధనికుని కది విలాసముకాఁగా, బరువులు మోయువానికిఁ గూడై కూర్చుండెను.

ఆ పొగలోఁ బెద్దపాలు మన దేశమునుండియే పోయినది. 1773లో వారన్ హేస్టింగ్సు వంగ బీహారములలోని యభిని వ్యాపారమును కుంపినీ గుత్తక్రిందికిఁ దెచ్చెను. రైతునకు బయానా యిచ్చి గసగసాల పైరు వేయించి, కాయలనుండి తీసిన పాలను పాట్నా, ఘాజీపూరు కార్ఖానాలలో నుండలు కట్టించి, పెట్టెల కెత్తి, కలకత్తాలో వేలము వేయుచుండెడివారు. వేలములోఁ గొన్న వర్తకులు చీనా చట్టములకు విరుద్ధముగా దానిని తీరమునఁ జేర్చుచుండిరి. కుంపినీవారు తమ చేతు లంటనీయలేదు. లాభము మాత్ర మంటినది. పందొమ్మిదవ శతాబ్ది నడుమ హిందూదేశ ప్రభుత్వపు టాదాయములో సుమా రేడవపాలు దీనివలననే వచ్చుచుండెను. మన తాతల నాఁటి వంతెనలకును, కచ్చేరీ గోడలకును బోసిన సొమ్ములో నే పాలు చీనావాని పొగగొట్టమునుండి వచ్చినదో యెవ్వరు విడఁదీసి చెప్పఁగలరు!

ఇఁక క్రైస్తవ ప్రచారకుల సంగతి. ఈ కథలోని చేఁదంతయు నిచ్చటనే యున్నది. కార్ల్ గుట్స్‌లాఫ్ అను జర్మను ప్రచారకుఁడు 1832లోఁ జీనా తీరమునకుఁ బోవు నభిని యోడలో దుబాసిగాఁ గుదిరెను. ఆ యోడ జార్డైన్ అను వర్తకునిది. ఒక ప్రక్క నల్లమందు పెట్టెలు దిగుచుండఁగా, మఱియొక ప్రక్క నతఁడు చీనాభాషలో నచ్చువేసిన మతగ్రంథములు పంచిపెట్టుచుండెను. మొదటి యభిని యుద్ధము 1839 నుండి 1842 వఱకు జరిగెను. రెండవ యుద్ధపు నడుమ, 1858లోఁ గుదిరిన తియెంజిన్ సంధివలన మతప్రచారకులకు దేశపు లోపలిభాగములకుఁ బోవు హక్కు లభించెను. ఆ యేఁటనే దాని వెంట నేర్పడిన సుంకపు నిబంధనలవలన నభిని వ్యాపారము చట్టసమ్మత మాయెను. ఒకే సంవత్సరమున, ఒకే ఫిరంగుల నీడలో విషమును వేదపుస్తకమును లోపలఁ బ్రవేశించినవి. చీనా పండితులు పాదిరులను జూచి ముఖము త్రిప్పుకొనినచో నందు వింత లేదు. వేఱొకవంక, తన దేశపు రైతులే గసగసాలు నాటఁజొచ్చుటయుఁ జీనా పండితుఁడు మఱవరాదు. 1880 నాఁటికి షాన్సీ వంటి లోపలి రాష్ట్రములలోఁ ద్రాగు నభిని కలకత్తానుండి వచ్చినది కాదు. పొరుగు చేనిలోఁ బండినది.

ఆ పొరుగు చేలే యా రాష్ట్రమును ముంచినవి. 1876 మొదలు మూఁడేండ్లు వానలు కుఱియలేదు. మన తెలుఁగుసీమలో ధాతకఱవని ముసలివారు చెప్పుకొనినది గూడ నా యేండ్లదే. పసిఫిక్ సముద్రపు నీరు వేఁడెక్కి గాలుల గతి మాఱుటచేతనే యిటు మన కర్నూలు, బళ్లారి సీమలును, నటు ఉత్తర చీనాయు నొక్కమాఱు మాడిపోయినవని నేఁటి వాతావరణ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఉత్తర చీనాలోఁ జచ్చినవారు తొంబదిలక్షలకుఁ దక్కువ గారనియుఁ, గోటి ముప్పదిలక్షల వఱకు నుందురనియుఁ జరిత్రకారుల యంచనా. షాన్సీ యన్నిటికంటెఁ జెడిపోయినది. గోదుమలు, జొన్నలు వేయవలసిన మంచి నేలలో గసగసాలు వేసిరనియు, గాదెలలో నిలువ లేకపోయెననియు, ఆ రాష్ట్రపు గవర్నరగు జెంగ్ గుయోచువాన్ ఫిర్యాదు చేసి యా పైరును నిషేధింపఁ జూచెను. నిషేధము కాగితమునఁ గలదు. కఱవు తీఱఁగానే గసగసాలు మఱల పూచినవి.

కఱవు కాలమునఁ బాదిరులు కూటితోపాటు మతమును దెచ్చుట మన మెఱిఁగినదే. ఒంగోలులో నమెరికా బాప్టిస్టు ప్రచారకుఁడగు క్లౌ దొర బకింగుహాము కాలువలో మూఁడున్నర మైళ్ల పని కంట్రాక్టు తీసికొని మాదిగలకుఁ గూలి చూపెను. కఱవు తీవ్రముగా నున్నంతకాలము బాప్తిస్మ మీయక నిలిపి, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో నొక్కదినమున 2,222 మందికి నిప్పించెను. ఆ నిలుపుటలోని మర్యాదను మెచ్చుకొనువారును, ఆ సంఖ్యను జూచి సందేహించువారును మనలో నున్నారు. నేను రెండు వర్గములలోను నున్నాను. షాన్సీకిఁ గఱవు సాయము మోసికొని పోయినవారిలో నిద్దఱు ముఖ్యులు: వేల్సు దేశీయుఁడగు టిమొతీ రిచర్డ్, ఆంగ్లేయుఁడగు డేవిడ్ హిల్. హిల్ వెస్లియను మతశాఖవాఁడు, అవివాహితుఁడు, చీనా దుస్తులు ధరించి పింగ్‌యాంగ్ పట్టణములో నొక యద్దెయింటఁ గాఁపురముండెను. పింగ్‌యాంగ్ నేఁడు లిన్‌ఫెన్ అను పేరఁ బరగుచున్నది.

1879లో హిల్ చేసిన పని మా వంటి యుపాధ్యాయులకు నచ్చునట్టిది. వీథులలో నిలిచి ప్రసంగించినచోఁ బండితులు దరిఁజేరరని తెలిసి, రాజధానిలో మూఁడేండ్ల కొకమాఱు జరుగు పెద్దపరీక్షలకు వచ్చిన విద్వాంసులకు వ్యాసపు పోటీ నొకటి ప్రకటించెను. విషయములు కొన్ని యిచ్చి బహుమానములు పెట్టెను. అందొక విషయము నల్లమందును గూర్చినదే. ఫలితములు తెలుపునపుడు నాలుగు బహుమానములలో మూఁడు నొక్కని చేతి వ్రాఁతకే వచ్చినట్లు తేలినది. అతఁడు వేర్వేఱు పేర్లతో వ్యాసములు పంపియుండెను. ఆ విద్వాంసుఁడు షీ. పింగ్‌యాంగునకు దాపున నొక పల్లెవాఁడు. నల్లమందును గూర్చిన ప్రశ్న కతనికంటె నర్హుఁడగు వాఁడా సీమలో నుండియుండఁడు. ఏలయనఁగాఁ బదియేండ్లుగా నతఁ డా పొగ లేనిదే ప్రక్కనుండి లేవలేని స్థితిలో నుండెను.

షీ 1836 ప్రాంతమున వైద్యుల వంశములోఁ బుట్టినవాఁడు. చిన్నతనముననే జిల్లా పరీక్ష నెగ్గి పండిత పట్టము వడసెను. పల్లెలోని తగవులకు నర్జీలు వ్రాసిపెట్టుటలోఁ బేరు మోసినవాఁడు. కచ్చేరీ లేఖకులతో మాటాడఁగలవాఁడు. మొదటి భార్య మరణించినది. మఱల వివాహమాడెను. దేహము చెడినది, మనసు దిగులుపడినది. ఏ మిత్రుఁడో, ఒక్కమాఱు పీల్చి చూడుము, ఊఱటగా నుండునని చెప్పెను. అంతియే. చెడిన మిత్రుఁడు కాఁడు, మందు చెప్పినాఁడు. భూములు తఱిగినవి, ఇల్లు పాడైనది. ఒకప్పు డింటివారు బ్రతుకఁడని తలంచి యతనికి మంచి బట్టలు తొడిగి చావునకు సిద్ధపఱచిరఁట. తెలివి గలవాఁడు వ్యసనములోఁ బడిన బయటికి వచ్చు దారి త్వరగాఁ గనుఁగొనునని లోకము తలంచును. ఆ తెలివి వ్యసనమునకు న్యాయవాది యగుటయే తఱచు జరుగు పని.

బహుమానపు సొమ్ము తీసికొనుటకు షీ భయపడెను. పరదేశీయుల యింటఁ దేనీరు త్రాగినచో మంత్రము వేయుదురని వాడుక. బావమఱఁదిని వెంటఁ బెట్టుకొని పోయెను. హిల్ అతనిఁ జూచి, తనకుఁ జీనాభాషలో గ్రంథములు వ్రాయుటకుఁ దోడు కావలెను, కొన్నాళ్లు మా యింట నుండుఁడని కోరెను. జీతము మంచిది. వచ్చి చేరెను. ఆ గదిలో బల్లమీఁద నొక పుస్తకము పెట్టియుండెను. అది క్రొత్త నిబంధన. చదువుట తప్ప వేఱు పని లేని పండితునికి మఱేమి కావలయును? చదివెను. క్రీస్తును నమ్మెను. నమ్మిన నాఁడే గొట్టము విడువవలెనని నిశ్చయించెను.

నల్లమందు మానుట యన నేమో వ్రాయక తప్పదు. ఏలయన, ఇంటిలో నట్టి బాధ నెఱుఁగని చదువరులు దానిని మనోబలముతోఁ దీఱు పనిగాఁ దలంతురు. మానిన కొన్ని గంటలకే యావలింతలు, కన్నీరు, ముక్కు నీరు కాఱుట మొదలగును. పిదప నెముకలలోఁ దొలిచినట్లు నొప్పి, వాంతి, విరేచనములు, చలి చెమటలు, నిద్రలేమి. రెండవ మూఁడవ దినములలో బాధ యుచ్చస్థితికి వచ్చి వారముమీఁదఁ దగ్గుముఖము పట్టును. అభినిని గ్రహించు స్థానములు మెదడులోనే కలవని 1973లో శాస్త్రజ్ఞులు కనుఁగొనిరి. దేహము తనకుఁ దానుగాఁ జేసికొను నొప్పిమాన్పు పదార్థములు తఱిగిపోవుటచేత నీ యాతన కలుగునని నేఁడు చెప్పుదురు. షీ కీ శాస్త్రము తెలియదు. ఏడు దినములు తిండియు నిద్రయు లేక పడియుండెను. ఇచ్చిన మందులు వలసినంత యూఱట నీయలేదు. తనపైఁ బడి కొట్టుచున్నది రోగము కాదు, దయ్యమే యని యతఁడు భావించెను. తన బలముచేతఁ గాదు, దేవుని సహాయముచేతనే గెల్చితినని జీవితాంతము చెప్పికొనెను. దానికి గుఱుతుగా షెంగ్‌మో, అనఁగా దయ్యమును జయించినవాఁడు, అని పేరు మార్చుకొనెను. ఆ దయ్యమును మనము నమ్మనక్కఱలేదు. కాని తన వ్యసనము తాను గాదు, తనపై బయటినుండి దాడిచేసిన శత్రువని యొకఁడు తలంచినపుడు పోరాడుట సులభ మగునేమో యని నాకుఁ దోఁచుచున్నది.

ఇల్లు చేరిన తరువాత మొదటిపని, తాను మునుపు వెడలఁగొట్టిన సవతితల్లిని మఱల నింటికిఁ దెచ్చుకొనుట. పల్లెవారి కీ పని యే ప్రసంగముకంటెను హెచ్చుగా నర్థమైయుండును.

శరణాలయముల కథ ఫాన్ అను గ్రామములో 1881 ప్రాంతమున మొదలైనది. ఆ యూర నభినిపరులు కొందఱు మానఁగోరిరి. పింగ్‌యాంగులోని ప్రచారకుఁడు విదేశపు మందు కొంత యిచ్చెను. షీ వచ్చి వారితో నుండి సేవచేసెను. వచ్చువారు హెచ్చిరి, మందు తఱిగినది, తెప్పించుటకు దూరము, వ్యయము. అపుడు షీ తన పూర్వుల వైద్యమును జ్ఞప్తికిఁ దెచ్చుకొని, ఉపవాసముండి ప్రార్థన చేసి, దేశీయపు మూలికలతోనే గుళికలు కట్టెను. అవి మూఁడు తెఱఁగులు: ప్రాణ మిచ్చునవి, ప్రాణమును నిలుపునవి, ఆరోగ్యమును మరలించునవి. ఎఱ్ఱని పెద్దపేర్లు పెట్టుటలోఁ జీనా వైద్యులు మన యాయుర్వేద భిషక్కులకుఁ దీసిపోరు.

గుళికలకంటె నేర్పాటు ముఖ్యము. ఆ యిండ్లకు స్వర్గాహ్వాన కార్యాలయములని యర్థమిచ్చు పేరు పెట్టిరి. ఊరిలోనే యొక మామూలు మట్టియిల్లు. వచ్చినవాఁడు కొన్ని వారములు లోపల నుండవలెను. ఊరక కాదు, మందునకుఁ దిండికి రుసుము చెల్లింపవలెను. ఆ రుసుముతోనే యిల్లు నడువవలెను గాని విదేశపు చందాలపై నాధారపడరాదని షీ పట్టుదల. ఈ విషయమున నతఁ డింగ్లీషు ప్రచారకులతోఁ గూడ రాజీపడలేదు. ధర్మార్థముగా వచ్చిన మందును రోగి గౌరవింపఁడని యతని యభిప్రాయము. ఒప్పుకొనుట కష్టమే కాని, పెండ్లాము గాజు లమ్మి రుసుము తెచ్చినవాఁడు రెండవవారములో గోడ దూఁకి పోవుటకుఁ గొంచెము వెనుదీయు నన్నది నిజము.

ఆ యింటిని నడుపువాఁ డెవఁడు? వైద్యుఁడు కాఁడు, పాదిరి కాఁడు. నిరు డా గదిలోనే పడి యఱచినవాఁడు. షీ యీ నియమమును దాదా పంతటను బాటించెను. పదునైదవ దినమునఁ గాళ్లు లాగుచు నిద్రలేని రోగికిఁ బ్రక్కఁ గూర్చుండి వేఁడినీరు పట్టువాఁడు, తనకును నిట్లే యుండెను, పదునెనిమిదవ దినమున నిద్ర వచ్చెను, అని చెప్పఁగలవాఁడు కావలెను. ఉదయము సాయంకాలము ప్రార్థన, పాటలు. షీ తానే పాటలు కట్టెను. పండితుల శైలిలోఁ గాదు, పాడుకొనఁదగిన తీరున. అవి యతని వెనుక బహుకాలము చీనా సంఘములలోఁ బాడఁబడినవి. మానినవాఁడు తన పల్లెకుఁ బోయినపుడు నొంటరిగాఁ బోవుట లేదు. అచ్చట మునుపు మానినవారు నలుగు రుండెదరు. వారమున కొకమాఱు కూడెదరు. మా యూరి తండ్రి చెప్పిన వీధి యిచ్చట దొరకినది. ఇట్లు ఫాన్ గ్రామమునుండి హోంగ్‌తోంగ్, జావోచెంగ్, హువోజౌ మొదలగు పట్టణములకును, పిదప ప్రక్క రాష్ట్రములకును వ్యాపించి, షీ మరణించు నాఁటికి నాలుగు రాష్ట్రములలో దాదాపు నలువది యిండ్లు వెలసినవి.

హువోజౌ కథ నొకటి చెప్పెదను. అచ్చట నిల్లు తెఱువవలెనని షీ చాలకాలము ప్రార్థన చేయుచు వచ్చెను. చేతిలో సొమ్ము లేదు. ఒకనాఁ డతని భార్య తన యుంగరములు, గాజులు, తలలోని వెండి సొమ్ములు మూటఁగట్టి తెచ్చి యతని ముందుంచి, తనకివి లేకపోయినను గడచునని చెప్పెను. పెండ్లినాఁటి సొమ్ములు లేని గృహిణి మర్యాదస్థురాలుగాఁ గనఁబడని దేశమది. ఆ సొమ్ములతోనే హువోజౌలో నిల్లు తెఱచిరి. మన వీథులలోఁ ద్రాగుఁబోతు ముందుగా భార్య పుస్తెలనే కుదువఁబెట్టును. అదే బంగార మెదురుదారిలో నడచిన కథ యిదియొకటి నాకుఁ దెలియును. ఆమె యంతతో నూరకుండలేదు. అభినికి లోఁబడిన యాఁడువారు చాలమంది యుండిరి; వారిని మగవారి యింటఁ బెట్టుట కుదరదు. వారికై ప్రత్యేకముగా నిల్లు పెట్టి యామెయే నడిపెను.

షీని సాధువుగాఁ జిత్రించిన పుస్తకములు గలవు. హడ్సన్ టేలరు కోడలగు జెరల్డీన్ టేలర్ వ్రాసిన రెండు సంపుటముల జీవితచరిత్ర 1900, 1903 సంవత్సరములలో వెలువడి లోకమంతట వ్యాపించెను. భక్తితో వ్రాసిన పుస్తకమగుటచేత దానిని జాగ్రత్తగాఁ జదువవలెను. ఐనను నందులోనే యతని ముక్కోపము, పెత్తనము దాఁగలేదు. 1886లో టేలరు షాన్సీకి వచ్చి యతనికి సంఘములపై బోధకాధికార మొసఁగెను. అది కొందఱికిఁ గిట్టలేదు. ఫాన్ గ్రామములోఁ దొలుతఁ దోడ్పడినవాఁడే తిరుగఁబడి, పోటీగా నిండ్లు తెఱచి, అట్టివే గుళికలు చేసి యమ్మెను. ఇది ధర్మయుద్ధమో దుకాణముల తగవో నిర్ణయింప నొకింత కష్టము. రుసుము పుచ్చుకొను ధర్మకార్యమునకు వెంటనే పోటీదారుఁడు పుట్టును; అది దానిలోని దోషమే. ఫిరంగి సైన్యములో నధికారిగా నుండి వచ్చిన డిక్సన్ హోస్ట్ అను పడుచువాఁడు షీక్రింద నుద్యోగిగాఁ గాక సహాయుఁడుగాఁ జాలయేండ్లు పనిచేసి, యీ కఱకుదనమును సహించి, చీనావాని సంఘమును జీనావాఁడే నడుపవలెనని నేర్చుకొనెను. తెల్లవాఁడు నల్లవానియొద్దనో పచ్చవానియొద్దనో నేర్చుకొనుట యా కాలమున నరుదు. హోస్టే తరువాత టేలరు స్థానమున నా ప్రచారసంఘమున కధ్యక్షుఁడాయెను.

అంతకంటెఁ బెద్ద దోషము షీది కాదు, ప్రచారవైద్యులలోఁ గొందఱిది. తీరపట్టణములలో నభిని మాన్పుటకని మార్ఫీను కలిపిన గుళికలు పంచిరి, అమ్మిరి. మార్ఫీను నల్లమందు సారమే. పొగగొట్టము మానినవాఁడు గుళికకు దాసుఁడయ్యెను. చీనా జనులు వానికి "ఏసు నల్లమందు" అని పేరు పెట్టిరి. జనుల పరిహాసమున కుండు పదును పండితుల విమర్శకు రాదు. 1890లో షాంఘైలోఁ గూడిన ప్రచారకుల మహాసభ యిట్టి మందుల విచ్చలవిడి వాడుకను నిరసించెను. అప్పటికిఁ జేయవలసిన చెఱుపు కొంత జరిగియుండెను.

ఎందఱు బాగుపడిరి? వేలకొలఁది జనులు మానిరని భక్తులు వ్రాసిరి. మానినవారిలో నెందఱు మఱల పడిరో యెవరును సరిగా లెక్క వ్రాయలేదు. వ్యసనములో మఱల పడుట మినహాయింపు కాదు, సామాన్యమని నేఁటి వైద్యుల మతము. అందుచే మెథడోను వంటి యౌషధములతో నేండ్ల తరబడి నిలుపుట నేర్చిరి. షీ యిట్టిది విన్నచో నొప్పుకొనఁడు. నేనైతే యొప్పుకొందును. కాని యౌషధ మొక్కటియే చాలునని చెప్పువారికి నతని మట్టియిండ్లు సమాధానము చెప్పుచున్నవి. 1935లో నమెరికాలోని ఆక్రన్ పట్టణమునఁ ద్రాగుడు మానఁగోరిన యిద్దఱు, బిల్ విల్సన్ అను వ్యాపారియు బాబ్ స్మిత్ అను వైద్యుఁడును గలసికొని, మానినవాఁడే మానఁగోరువానికిఁ దోడని కూటములు మొదలుపెట్టిరి. ఒక క్రైస్తవ ప్రార్థనా సమాజమునుండి పుట్టిన యా కూటములు క్రమముగా మతభేదము విడిచి నేఁడు లోకమంతట, మన హైదరాబాదులోఁ గూడ నడచుచున్నవి. వారు షీ కథ వినియుండిరని నే ననను. ఒకే యవసరము రెండుచోట్ల నొకే తలుపు తెఱచినది.

క్రీస్తును నమ్ముటచేతనే షీ బాగుపడెనా యని నన్నడుగువారు గలరు. అతఁ డట్లనుకొనెను, అతని మాటను గాదనుటకు నే నెవఁడను? ఐతే నమ్మిక యొక్కటియే చేసినచో నతఁడు పింగ్‌యాంగులో నొక మందిరము కట్టి యూరకుండును. అతఁడు మందిరముకంటె ముందుగా మంచములు వేసెను. మన సంస్కర్తలు, మన మఠములు, మన సంఘములు నిషేధపు తీర్మానములు పెక్కు చేసినవి. అందు నేనును జేతులెత్తితిని. మంచములు వేసిన వెన్ని?

ఇంగ్లండులో నీ వ్యాపారమునకు వ్యతిరేకముగా నొక సంఘము 1874లోనే యేర్పడి పార్లమెంటును వేధించుచుండెను. ప్రచారకులు దానికి సాక్ష్యము లందించిరి. ఇది వారి పక్షమునఁ జెప్పవలసిన మాట. 1893లో నొక రాయల్ కమీషను నియమింపఁబడి, హిందూదేశము తిరిగి, 1895లో నభిని యంత చెఱుపు చేయదని నివేదిక యిచ్చెను. ఆదాయము గల ప్రభుత్వమునకుఁ గమీషను లెపుడు నట్టివే దొరకును. 1906లోఁ బార్లమెంటు దిగువసభ యా వ్యాపారము నీతిబాహ్యమని తీర్మానించెను. 1907లోఁ గుదిరిన యొడంబడిక ప్రకారము పదియేండ్లలోఁ దఱిగింపవలసిన యెగుమతిని 1913లోనే నిలిపివేసిరి. చీనాలోని దేశీయపు పైరు మాత్రము యుద్ధనాయకుల కాలమున మఱల పెచ్చు పెరిగెను. దానిని నిర్మూలించినది 1949 తరువాత వచ్చిన క్రొత్త ప్రభుత్వము. 1952 నాఁటికి బెదరింపు, శిక్ష, వీధివీధిసభలు, నిర్బంధచికిత్స యన్నిటిని గలిపి ముగించెను. ఆ పనిలోఁ బాదిరులకుఁ బాలు లేదు. అప్పటి కెల్లరును దేశమునుండి వెడలఁగొట్టఁబడుచుండిరి.

షీ షెంగ్‌మో 1896 ఫిబ్రవరి 19వ తేదీన మరణించెను. నాలుగేండ్లకు బాక్సరు తిరుగుబాటులో షాన్సీ గవర్నరు యూషియన్ ప్రోత్సాహమున రాజధానిలోఁ బ్రచారకులు స్త్రీలు బిడ్డలతోఁ గూడ వధింపఁబడిరి. చీనా క్రైస్తవులు చాలమంది హతులైరి. షీ భార్య బ్రతికి, వెనుకటి పనిని గొనసాగించెను.

ఈ వ్యాసము వ్రాయఁ దొడఁగిన పిదప నా విద్యార్థి తండ్రి మూఁడవమాఱు పట్టణమునకుఁ బోయెను. ఈసారి నొంటరిగాఁ బోలేదు. మూఁడేండ్లనుండి త్రాగుడు మానియున్న యతని బావమఱఁది పని మానుకొని వెంటఁ బోయి, చికిత్సాలయపు వరండాలోఁ జాప పఱచుకొని పండుకొనుచున్నాఁడని పిల్లవాఁడు చెప్పెను.